ఒత్తి రాసే చెయ్యి

మూడుంపావయింది. నాలుగింటికి వడ్రంగి ఇంటికొచ్చేస్తాడు, ఈ బస్సేమో పెళ్లినడక నడుస్తోంది. నాయనా డ్రైవరూ, నీకు పుణ్యముంటుంది, కాస్త తొక్కు, ఎక్కేవాళ్లు ఎక్కేశారు, దిగేవాళ్లు దిగేశారు, ఇంకా ఎవరి కోసం ఆ అద్దంలో చూస్తావు. మొత్తం పన్నెండు స్టాపులు, నాలుగు అయిపోయాయి, స్టాపుకి మూడు నిమిషాలు వేసుకున్నా ఇరవై నాలుగు, దిగాక పది నిమిషాల నడక, పరిగెడితే ఆరు, ఈ మోకాళ్లతో పరుగేంటి నా మొహం, ఎనిమిది అనుకుందాం. అంటే వాడికన్నా పదమూడు నిమిషాలు ముందు. ఆ పదమూడు నిమిషాల్లో వాడి పెళ్లాం, ఆ పిల్ల, తలుపు తియ్యాలి, గడియారం కింద అరలో ఉన్న కార్డు నా చేతికివ్వాలి, నేను దానికి కొత్త కార్డిచ్చి బయటపడాలి. అంతే. అరచెయ్యంత అట్టముక్క. దాని కోసం ఏ కాలి చెప్పు ఏ కాలికుందో కూడా చూసుకోకుండా బస్సెక్కాను. పక్కన కూచున్న పెద్దావిడ అప్పుడే రెండుసార్లు నా మొహంకేసి చూసింది, మూడోసారి అడిగేస్తుంది, ఏమ్మా ఒంట్లో బాగోలేదా అని. అడిగితే ఏం చెప్పను. నేను నర్సునండీ, ఇరవై రెండేళ్లుగా కడుపుతో ఉన్నవాళ్లని చూస్తున్నాను, ఇవాళ పొద్దున ఒక పిల్ల చావుకి సరిపడా సంగతులన్నీ నా చేత్తో రాసి, దాని చేతికే ఇచ్చి, జాగ్రత్తమ్మా అని ఇంటికి పంపించాను అని చెప్పనా.

చెయ్యి, ఈ కుడిచెయ్యి, దీన్ని విరగ్గొట్టాలి. చిన్నప్పుడు మా అమ్మ అనేది, దీనికి పుస్తకం కొనడం దండగ, ఒక పేజీ రాస్తే కింద నాలుగు పేజీల్లో అదే పాఠం దిగిపోతుంది అని. మా ఆయన ఇప్పటికీ ఆటపట్టిస్తాడు, నువ్వు సంతకం పెడితే బల్లకి చిల్లు పడుతుందే అని, నేను మూతి తిప్పుతాను, లోపల మురిసిపోతాను కూడా. ఒత్తకుండా రాయడం నాకు చేతకాదు, రాసింది నిలబడాలి కదా అనిపిస్తుంది. మా క్లినిక్కులో మనిషికి రెండు రాతలు. ఒకటి కార్డు. బరువు, బీపీ, రక్తం, మళ్లీ రావాల్సిన తారీఖు, అది మనిషితో పాటు ఇంటికెళ్తుంది, ఇంట్లో ఎవరైనా చూడొచ్చు. రెండోది పల్చటి కాగితం, బీరువాలో పెట్టి తాళం వేస్తాం. ఇంట్లో కొడుతున్నారా, ప్రాణభయం ఉందా, వెళ్లడానికి చోటుందా, అవన్నీ దాని మీదే. కార్డు మీద ఆ సంగతి ఒక్క ముక్క, ఒక్క చుక్క పడకూడదు, ఆ రూలు పెట్టిందే నేను, కొత్తగా వచ్చిన నర్సులకి వేలు చూపించి మరీ చెప్పేది నేను. బరువు తూచే గదిలో బల్ల లేదు, బల్ల వేస్తే మిషను పట్టదు, అందుకని నిలబడే రాస్తాను, ఎడమచేతిలో కార్డు బోర్లా పెట్టుకుని, దాని మీద కాగితం పెట్టుకుని. పాత కార్డులు గట్టివి, మెరుపు అట్ట, వాటికి ఏళ్ల తరబడి ఏమీ కాలేదు. పోయిన వారం కొత్తవి వచ్చాయి, మెత్తటి అట్ట, పాతవి వెనక్కి తీసుకుని అందరికీ ఇవే రాసిస్తున్నాం. ఆ తేడా నా చేతికి తెలిసింది, బుర్రకే తెలియలేదు.

తెలిసిందెప్పుడు, రెండున్నరకి. చివర మిగిలింది తొమ్మిదో నెల పంతులమ్మ, తన కార్డు వెనక్కి తిప్పి కిటికీ దగ్గర వాలుగా పట్టుకుని, సిస్టర్, ఇక్కడేదో అచ్చు పడిందండీ, మా పిల్లలు పరీక్షలో ఏం కొట్టేసి రాశారో నేను ఇలాగే కనిపెడతాను అని నవ్వింది. నేనూ నవ్వబోయాను. చూస్తే ఆవిడ కాగితం మీద నేను రాసినదే, భయమేమీ లేదు, భర్త బాగా చూసుకుంటాడు, ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు, కళ్లద్దాల్లేకుండా చదువుకోవచ్చు. పొద్దున పదింటికి వడ్రంగి పెళ్లాం కాగితం నేను రాసింది కూడా అలాగే. పరిగెత్తి బీరువా తీసి, ఆ కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమాను, ఒక్కో అక్షరం పొక్కులా లేచి తగిలింది. ఇటువైపు అంత పైకి లేచిందంటే అటు కార్డులోకి ఎంత లోతుకి దిగిందో చెప్పక్కర్లేదు. పంతులమ్మ ఏమండీ ఏమైందండీ అంటూనే ఉంది.

ఏం రాశానో అక్షరం అక్షరం గుర్తుంది. ఆరో నెల. నాలుగో నెల నుంచి కొడుతున్నాడు. గొంతు నులిమాడు, రెండుసార్లు, రెండోసారి స్పృహ తప్పింది. నన్ను వదిలిపోతే నీతో పాటు అదీ ఉండదు అన్నాడు, కడుపు చూపించి. గురువారం వెళ్లిపోతుంది, చిన్నమ్మ ఇంటికి. గురువారం అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశాను, నా తెలివి తగలెయ్య, మర్చిపోకూడదని. ఇవాళ మంగళవారం. గురువారం వాడు ఎక్కడో కొత్త ఇంటికి తలుపులు బిగించడానికి ఊరవతలికి వెళ్తాడట, రాత్రికి గానీ రాడట, అందుకని ఆ రోజు పెట్టుకున్నాం. ఇద్దరం కలిసి పెట్టుకున్నాం, తూచే మిషను మీద అది నిలబడి, నేను దాని పక్కన నిలబడి, ఏదో సినిమాకెళ్లేవాళ్లలా. రెండ్రోజులే కదక్కా, ఇన్నాళ్లు ఓర్చాను అంది. రెండ్రోజులే కదమ్మా అన్నాను నేను కూడా. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ మాకు ఒత్తి ఒత్తి చెప్పింది, కొట్టేవాళ్లందరి గురించీ అడగండి, కానీ గొంతు మీద చెయ్యి వేశాడని విన్నారంటే మాత్రం కూచోకండి, అలాంటివాడికి ఆడది వెళ్లిపోతోందని తెలిసే గంట అన్నిటికన్నా చెడ్డ గంట అని. ఆ గంట గురువారం రావాలి, వాడు ఊళ్లో లేనప్పుడు రావాలి. నేను దాన్ని ముందుకి లాక్కొచ్చి ఇవాళ నాలుగింటికి పెట్టాను.

ఆగింది. ఎందుకాగింది? రోడ్డు తవ్వారట, ఒకవైపే వదులుతున్నారట. కండక్టరు కిందికి దిగి సిగరెట్టు వెలిగిస్తున్నాడు, ఓరి నీ తీరిక తగలెయ్య. మూడూ ఇరవై ఆరు. దిగి నడిస్తే? అయిదు స్టాపులు నడిస్తే చీకటి పడుతుంది. ఆటో? కనుచూపు మేరలో ఒక్కటి లేదు. ఫోన్ చేద్దామంటే ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, వాడి జేబులో ఉంటుంది, కార్డు మీద రాసిన నంబరు కూడా వాడిదే, ఎవరు అడిగినా మా ఆయన నంబరేనండీ అని చెప్పమన్నాడట. పోలీసులకి చేద్దామంటే మొదటిమాట ఏమైంది అంటారు, ఇంకా ఏమీ కాలేదండీ అనాలి. అయితే అయ్యాక చెయ్యండి అని వాళ్లు అనరు, పాపం, కానీ మాట్లాడే తీరంతా అలాగే ఉంటుంది. డాక్టరమ్మ ఆపరేషన్ గదిలో ఉంది, తలుపు సందులోంచి అరిచి చెప్పాను, ఒక ఇంటికెళ్లొస్తానండీ అని, తలూపింది, ఎవరింటికో దేనికో వినే తీరికెక్కడిది. సంచిలో బీపీ మిషను వేసుకున్నాను, ఇంటికొచ్చిన నర్సు చేతిలో అది లేకపోతే అనుమానం. కొత్త కార్డు ఒకటి వేసుకున్నాను. బ్లడ్ గ్రూపు తప్పుపడింది, మార్చడానికొచ్చాను, ఆ ముక్క చాలు. ఎన్నిసార్లు మనసులో అనుకున్నానో, బ్లడ్ గ్రూపు తప్పుపడింది, బ్లడ్ గ్రూపు తప్పుపడింది, పెద్దావిడ మూడోసారి చూసింది, నా పెదాలు కదులుతున్నట్టున్నాయి.

ఇలాగే కడుపుతో మా దగ్గరికొచ్చిన నవ్వులమ్మకి కూడా బరువు తూచింది నేనే. అసలు పేరు రిజిస్టరులో ఉంది, మేమంతా నవ్వులమ్మనే వాళ్లం, సూది గుచ్చినా నవ్వేది, బరువు పెరగలేదని కసిరినా నవ్వేది. అప్పట్లో తూచే గదిలోకి ఇంట్లోవాళ్లు కూడా వచ్చేవాళ్లు. వాళ్లత్తగారు పక్కనే నిలబడి ఉండగా నేను అడిగాను, ఇంట్లో అంతా బాగానే ఉందా అని. అడగడం కూడా కాదు అది, పలకరింపు, కార్డు మీంచి తలెత్తకుండా అనేసిన మాట. బాగానే ఉంది సిస్టర్ అని నవ్వింది. మోచేతి పైన పసుపు నలుపు కలిసిన మచ్చ కనపడింది, బీపీ పట్టీ అక్కడే చుట్టాను, ఈ చేతుల్తోనే చుట్టాను, ఏంటమ్మా ఇది అంటే తలుపు తగిలిందంది, నేను సరే జాగ్రత్త అన్నాను. కానుపు తేలిగ్గా అయింది. పంతొమ్మిదో రోజు మెట్ల మీంచి పడి చనిపోయిందన్నారు. మెట్లు మెడ మీద వేళ్ల గుర్తులు వదుల్తాయా? వారం తర్వాత వాళ్లాయన్ని పోలీసులు పట్టుకెళ్లారు. పట్టుకెళ్తే ఎవరికేమొచ్చింది, పంతొమ్మిది రోజుల బిడ్డ పాలకేడుస్తుంటే అత్తగారే మా క్లినిక్కుకి తీసుకొచ్చింది, డబ్బాపాలు ఎలా కలపాలో నేర్పించమని. నేర్పించాను. ఆ బిడ్డ నా చూపుడువేలు పట్టుకుని వదల్లేదు.

ఆ నెల మీటింగులో, తల్లుల చావుల లెక్క చూసే మీటింగు, రిజిస్టరులో నాలుగు గడులుంటాయి, రక్తస్రావం, ఫిట్స్, జ్వరం, ఇతరములు. నవ్వులమ్మని నాలుగో గడిలో రాసుకొచ్చాను, పెద్ద డాక్టరు చూసి, ఇది మనది కాదు సిస్టర్, పోలీసుల కేసు, కొట్టెయ్యండి అన్నాడు. కొట్టెయ్యండి అన్నాడు, ఆ మాటే అన్నాడు. నేను నోరు తెరిచి, సార్, పంతొమ్మిదో రోజండీ, నలభై రెండు రోజుల లోపు చనిపోతే రాయాలి కదండీ అన్నాను. రాయాలమ్మా, కానుపు వల్ల పోతే రాయాలి, ఈ అమ్మాయి కానుపు వల్ల పోలేదుగా, మన తప్పేం లేదు అని ఓదార్చాడు. మంచివాడే. మన తప్పేం లేదన్నది నా మంచికే అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, అయినా గీత కొట్టేశాను, ఒత్తి కొట్టాను, కింద నాలుగు పేజీలకి ఆ గీత దిగింది. మర్నాటి నుంచి తూచే గదిలోకి ఇంకెవరూ రాకూడదని రూలు పెట్టాను. ఎందుకంటే, మిషను పక్కన ఇంకో మనిషి నిలబడితే బరువు తప్పు చూపిస్తుంది అని చెప్పాను. ఒక్కరూ ఎదురడగలేదు. భర్తలు, అత్తలు, అమ్మలు, అందరూ బుద్ధిగా గడప అవతల ఆగిపోయారు. భయం మాట చెబితే కొట్టడానికొచ్చేవాళ్లు, అంకె మాట చెప్పేసరికి ఆగారు. ఆ మూడు నిమిషాలు ఆడపిల్ల నాది. తలుపేసి అడుగుతాను, మొహంలోకి చూసి అడుగుతాను, అమ్మాయ్, నిన్నెవరైనా కొడుతున్నారా అని, బాగానే ఉందా అని కాదు.

కదిలింది, అమ్మయ్య. మూడూ ముప్ఫై నాలుగు. ఇంకా అయిదు. పదమూడు నిమిషాలు కాస్తా మూడో నాలుగో అయ్యాయి, అదీ వాడు సరిగ్గా నాలుగింటికే వస్తేనే. మా క్లినిక్కులో వాడంటే అందరికీ ఇష్టం, అదీ చెప్పుకోవాలి. హాల్లో బెంచీ కాలు విరిగితే అడక్కుండానే బాగుచేసి ఇచ్చాడు, కడుపుతో ఉన్నవాళ్లు కూచునేది కదండీ అన్నాడు, ఆయాలు ఇప్పటికీ ఆ బెంచీ తుడుస్తూ ఎంత మంచివాడో అంటారు. పెళ్లాంతో పాటు ప్రతిసారీ వస్తాడు, ఇవాళ ఏదో తొందర పనుండి రాలేదు. కార్డు తీసుకుని మొదటి గీత నుంచి చివరి గీత దాకా చదువుతాడు, పోయిన నెల కన్నా అరకిలో తక్కువెందుకుందండీ, ఇక్కడ సంతకం లేదేంటండీ అంటాడు. చదువుతున్నంతసేపూ బొటనవేలు అట్ట మీద నడుస్తూనే ఉంటుంది. ఒకసారి హాల్లో నా బల్ల అంచు మీద కూడా అలాగే వేలు నడిపి, ఇక్కడ చిత్రిక సరిగ్గా పట్టలేదు సిస్టర్, కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది అన్నాడు. కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. ఆ పిల్లే చెప్పింది, ఇంటికి రాగానే చేతులు కడుక్కుని గడియారం కింద కార్డు తీసి అదే ముందు చూస్తారక్కా అని. నా బిడ్డ మీద ఎంత శ్రద్ధో అని మొదట్లో మురిసిపోయిందట. దాని మెడకి ఎత్తు కాలరు జాకెట్టు ఉంది పొద్దున, ఇంత ఉక్కలో. గుండీ తియ్యమ్మా అంటే తీసింది. వాడు చెక్కని పట్టుకున్నంత గట్టిగా పట్టుకున్నాడు.

ఒకవేళ చదివేసి ఉంటే? ఒకవేళ పని లేక మధ్యాహ్నమే వచ్చేసి ఉంటే? నేను వెళ్లేసరికి ఆ వీధిలో జనం ఉంటే? లేదు, ఉండరు, నోర్ముయ్యి. ఉంటే నేను ఏ మొహం పెట్టుకుని బతకాలి. మళ్లీ మీటింగు, మళ్లీ నాలుగో గడి, మళ్లీ పెద్ద డాక్టరు మన తప్పేం లేదంటాడు, ఈసారి ఉంది సార్, నా తప్పే సార్, నా రాతే సార్ అని అరుస్తాను, అరిస్తే ఏమొస్తుంది. బిడ్డ గుండె పొద్దున విన్నాను, నూట నలభై, టకటకటకటక కొట్టుకుంటోంది, దానికీ వినిపించాను, ఎంత తొందరో దీనికి అని నవ్వింది. అదే నవ్వు, నవ్వులమ్మదే. కాదు, వేరే మనిషి, వేరే నవ్వు, నాకే కలిసిపోతున్నాయి. ఏమ్మా ఒంట్లో బాగోలేదా అంది పెద్దావిడ. బాగానే ఉందండీ అన్నాను. చూశారా, నోటికి ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో.

దిగాను. మూడూ యాభై ఒకటి. పరిగెడుతున్నాను, సంచిలో మిషను తొడకి కొట్టుకుంటోంది, ఇస్త్రీ కొట్టు, సైకిలు షాపు, కుళాయి దగ్గర బిందెలు, ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూసి పక్కకి జరిగారు, మూడో సందులో చివరి ఇల్లు, తలుపు పక్కన చెక్క పొట్టు బస్తా ఉంటుందని చెప్పింది, ఉంది, వాడి చెప్పులు గుమ్మంలో లేవు, దేవుడా, లేవు. తలుపు కొట్టాను. తీసింది. ప్రాణంతో ఉంది. చేతులకి సబ్బు నురగ, బట్టలుతుకుతోంది, అక్కా మీరేంటి అంది, నేను లోపలికి తోసుకెళ్లాను.

"కార్డు," అన్నాను. "కార్డు ఏది? వెనక అచ్చు పడింది తల్లీ. నేను రాసిందంతా."

దానికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత మొహంలో రక్తం లేదు. తడి చేతుల్తోనే అరలోంచి తీసింది, నేను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వాలుగా పట్టుకున్నాను. గొంతు. రెండుసార్లు. చిన్నమ్మ. గురువారం, కింద రెండు గీతలు. ఎంత అందంగా రాశానో, మా అమ్మ చూస్తే మెచ్చుకునేది. కిటికీ వెలుతురు ఒక్కసారిగా తగ్గింది. తలెత్తి చూస్తే గుమ్మం నిండా వాడు, భుజాన పనిముట్ల సంచి, చెవి మీద పెన్సిలు.

"సిస్టరమ్మా," అన్నాడు, "మీరేంటి ఇలా దయచేశారు?"

నా చెయ్యి కార్డుని సంచిలోకి తోసింది, నేను తొయ్యమనలేదు, అదే తోసింది. బ్లడ్ గ్రూపు తప్పుపడింది అనాలి. నోరు తెరిచాను, ఆ ముక్క రాలేదు, ఎందుకంటే ఆ ముక్క అంటే నేను కొత్త కార్డిచ్చి వెళ్లిపోవాలి, దీన్ని ఇక్కడే వదిలి వెళ్లిపోవాలి, ఇంకా రెండ్రోజులు, దీని మొహం చూస్తే రెండ్రోజులు కాదు కదా రెండు నిమిషాల్లో వాడికి ఏదో జరిగిందని తెలిసిపోతుంది, సబ్బు నురగ దాని మోచేతుల మీంచి నేల మీదికి కారుతోంది, తుడుచుకోవాలని కూడా తెలియడం లేదు దానికి. మిషను పక్కన ఇంకో మనిషి నిలబడితే బరువు తప్పు చూపిస్తుంది. ఒక్కరూ ఎదురడగలేదు.

"బీపీ," అన్నాను. "పొద్దున దీని బీపీ చూసి నాకు అనుమానమొచ్చింది బాబూ. మళ్లీ చూద్దామని వచ్చాను. కూచో అమ్మాయ్, చెయ్యి చాపు."

పట్టీ చుట్టాను, గాలి కొట్టాను, చెవుల్లో గొట్టాలు పెట్టుకున్నాను. లోపల టక్ టక్ టక్, నూట పది దగ్గర మొదలైంది, డెబ్బై దగ్గర ఆగిపోయింది. ఇంత భయంలో కూడా నూట పది, డెబ్బై, ఎంత గట్టి పిల్ల. ఇరవై రెండేళ్లలో నేను ఒక్క అంకె తప్పు రాయలేదు, ఎవరు బతిమాలినా, డాక్టర్లు చెప్పినా రాయలేదు. నూట అరవై, నూట పది అన్నాను పైకి. అయ్యో అయ్యో అని కూడా అన్నాను. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఇంకో గంట ఆగితే ఫిట్స్ వస్తాయి, తల్లీ దక్కదు బిడ్డా దక్కదు. వాడి మొహం మారింది. నిజంగా భయపడ్డాడు, దాని మొహంకేసి భయంగా చూశాడు, రెండుసార్లు దాని ఊపిరాపిన మనిషి.

"పొద్దున కార్డులో ఎంత రాశారు?" అన్నాడు. "అది ఇలా ఇవ్వండి, చూస్తాను."

"కార్డు చూస్తావా, బిడ్డని చూసుకుంటావా?" అని కసిరాను, వార్డులో మొగుళ్లని కసిరే గొంతుతో. "అది తప్పుల తడక, ఆఫీసులో ఇచ్చెయ్యాలి. ఇదిగో, కొత్తది రాసిస్తున్నాను."

వాడి బల్ల మీదే పెట్టి రాశాను, అద్దంలా ఉంది ఆ బల్ల. నూట అరవై, గీత, నూట పది, వెంటనే చేర్చుకోవలెను, సంతకం. వాడు తీసుకున్నాడు, మొదటి గీత నుంచి చదివాడు. బొటనవేలు అట్ట వెనక మెల్లగా నడిచింది, ఆగింది, మళ్లీ వెనక్కొచ్చింది.

"గట్టిగా రాస్తారే," అన్నాడు.

"అలవాటు బాబూ," అన్నాను. "చిన్నప్పట్నించీ."

నేనూ వస్తానన్నాడు. ఆరింటిదాకా మగవాళ్లని వార్డులోకి రానివ్వరన్నాను, అది మాత్రం నిజం. ఆరింటికి బట్టలు, దుప్పటి, ప్లాస్కు తీసుకురా అన్నాను. బట్టలు, దుప్పటి, ప్లాస్కు అని అప్పజెప్పాడు. ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. ఆ గుమ్మం సన్నం, వాడు పక్కకి జరిగితే తప్ప మనిషి బయటికి రాలేదు. చేతిలో కార్డుకేసి ఇంకోసారి చూశాడు, అంకెకేసి. జరిగాడు. అది ముందు, నేను వెనక, వాడి భుజం రాసుకుంటూ వచ్చాం. పది అడుగులు వేశామో లేదో, ఏయ్ ఆగు అని కేక. దాని చెయ్యి నా చేతిలో రాయయిపోయింది. పరిగెత్తుకుంటూ వస్తున్నాడు, వచ్చాడు, వంగాడు, దాని కాళ్ల దగ్గర చెప్పులు పెట్టాడు. ఒట్టికాళ్లతో బయల్దేరిందట. కుళాయి దగ్గర ఆడవాళ్లు చూస్తున్నారు, ఎంత ప్రేమో చూడవే అంది ఒకావిడ. చెప్పులేసుకుని, నడిచింది. నడువు తల్లీ, వెనక్కి చూడకు, పరిగెత్తకు, బీపీ ఉన్నవాళ్లు పరిగెత్తరు.

బస్సులో చివరి సీటు దొరికింది. డాక్టరమ్మకి చెప్పాలి, వాచ్‌మన్‌కి చెప్పాలి, వెనక గేటు తాళం ఎవరి దగ్గరుందో చూడాలి, చిన్నమ్మకి ఫోన్ చెయ్యాలి, పోలీసులకి ఇప్పుడైనా చెయ్యాలి, ఆరింటికి ప్లాస్కుతో వస్తాడు, మంచిగా వస్తాడు, అందరూ దారిస్తారు. సంచిలోంచి పాత కార్డు తీసి ముక్కలు చేద్దామనుకుని చెయ్యలేదు, అది ఏ రోజుకైనా సాక్ష్యం. ఆ పిల్ల గొంతు దగ్గర గుండీ పెట్టుకుంటూ తీసుకుంటూ కూచుంది. తవ్విన రోడ్డు దగ్గర బస్సు మళ్లీ ఆగినప్పుడు అడిగింది.

"నిజంగా ఎంతుందక్కా?"

"నూట పది, డెబ్బై."

"అంటే?"

"అంటే నీకే జబ్బూ లేదు తల్లీ. రక్తం బాగుంది, బరువు బాగుంది, బిడ్డ బాగుంది. నా దగ్గరికొచ్చే వాళ్లందరిలో నువ్వే గట్టిదానివి."

కిటికీలోంచి బయటికి చూసింది. కడుపు మీద చెయ్యి వేసుకుంది, మెల్లగా, ఎవరిదో అన్నట్టు.

"అయితే నేను చచ్చిపోయుంటే," అంది, "మీ పుస్తకంలో ఏమని రాసేవారక్కా?"

ఏమని రాసేదాన్నో నాకు తెలుసు. ఏ గడిలో రాసేదాన్నో, ఆ తర్వాత ఎవరు కొట్టెయ్యమనేవారో కూడా తెలుసు. దాని చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని ఒత్తి పట్టుకున్నాను, సబ్బు నురగ ఎండిపోయి గరగరలాడుతోంది, అయిదుంపావయింది, ఇంకా ఏడు స్టాపులున్నాయి.